మూల సీసా

సీసా అడుగును రబ్బరు దిండు మీద టపటపా కొట్టి, ఈగలు కిందికి జారగానే దూది మూత తీసి, కొత్త సీసా మూతిని దాని మూతికి ఆనించి తిరగేసింది ఈగలమ్మ. ఒక్క ఈగ బయటపడితే ఒట్టు! ముప్పై ఏళ్లుగా ఆ పరిశోధనశాలలో ఆమె పని అదే. మొక్కజొన్న పిండి, పంచదార కలిపి మేత ఉడికించడం, రెండు వారాలకోసారి ఒక్కో తరాన్ని కొత్త సీసాలోకి మార్చడం. "లోకమంతా ఈగలు తోలుకుంటుంటే మా ఆవిడ వాటికి వంట చేస్తుంది" అని నవ్వేవాడు పోయిన మొగుడు.

ఆమె గుండె బాగాలేదని డాక్టరు ఈమధ్యే మొహమాటం లేకుండా చెప్పేశాడు. తనకేమైనా అయితే మూలన దాచిన ఆ సీసా గతేమిటన్నదే ఆమె బెంగ. రిజిస్టరులో లేని సీసా అది. ఎవరి కంటపడినా చెత్తలోకి పోతుంది.

చివరికి ధైర్యం కూడదీసుకుని, ఈగల మీద పరిశోధన చేసే చిన్నమేడమ్‌తో అనేసింది.

"తప్పు చేశానమ్మా. పదకొండేళ్ల కిందట వేసవిలో ఏసీ చెడిపోయి ఈగలన్నీ చచ్చాయి. సీసాలన్నీ కడిగెయ్యమన్నారు. ఒకదాన్లో మాత్రం ఏడు ఈగలు ఇంకా పైకి పాకుతున్నాయి. బతికున్నవాటి మీద వేడినీళ్లు ఎట్లా పొయ్యను? దాచేశాను."

"పదకొండేళ్లా! ఎక్కడ పెంచారు పెద్దమ్మా?"

"బాయిలర్ పక్కన. అటు ఎవరూ రారుగా. ప్రతి వేసవికీ సగం పోయేవి. మిగిలినవాటి పిల్లలే ఇవి. పారేస్తారా?"

"ముందు చూద్దాం ఉండండి."

చిన్నమేడమ్ మామూలు ఈగల సీసానూ దీన్నీ తన గదిలోని వేడిపెట్టెలో పక్కపక్కనే పెట్టింది. ఈగలమ్మ సింకు పక్కన స్టూలు మీద కూలబడి, తర్వాతి తరానికి సిద్ధం చేసిన సీసాకి చీటీ రాసుకుంటూ ఉండిపోయింది.

గంట తిరిగేసరికి మామూలు ఈగలన్నీ వెల్లకిలా పడ్డాయి. ఈగలమ్మవి మాత్రం ఏమీ ఎరగనట్టు గాజు మీద షికార్లు కొడుతున్నాయి. ఎప్పుడో ఏ ఈగ జన్యువులోనో చిన్న మార్పు వచ్చి ఉంటుంది. అది ఉన్నవే ఏటా వేడిని తట్టుకోగా, వాటి సంతానంతోనే సీసా నిండింది. చదువుకున్నవాళ్లు ఏళ్ల తరబడి తలలు పట్టుకునే ప్రయోగాన్ని ఈ మహాతల్లి జాలిపడి చేసేసింది!

చిన్నమేడమ్ పరుగున వచ్చింది.

"పెద్దమ్మా, బతికాయి! ఇక వీటిని నేను చూసుకుంటా!"

ఈగలమ్మ గోడకి తల ఆనించి కూర్చునుంది. చిన్నమేడమ్ ఆమె చెయ్యి పట్టుకుని చూసి, నాడి అందక, అక్కడే నేలమీద చతికిలబడి ఏడ్చింది.

బల్ల మీద మేత పోసిన కొత్త సీసా, పక్కనే దూది మూత. చీటీ మీద వంకరటింకర అక్షరాలు: "రెండు వందల ఎనభై ఏడో తరం. పారెయ్యకండి."