వంకలు పెట్టే మనిషి

ఎద్దును కొనడానికి అంగడికి ఇద్దరు కలిసి వెళ్లాలన్నది సోమ్లి ఇంటి పద్ధతి. ఎద్దు నచ్చినవాళ్లు నోరు మెదపకూడదు. పక్కనున్నవాళ్లు కొమ్ముల నుంచి తోక దాకా దానికి వంకలు పెట్టాలి. అలా తిడితే ధర దిగుతుంది, దిష్టీ తగలదు. సోమ్లి మొగుడు దేవ్‌సింగ్ బతికున్నన్నాళ్లూ నచ్చడం ఆయన వంతు, తిట్టడం ఆమె వంతు. ఆయన ఎంత బిగుసుకుని నిలబడితే ఎద్దు అంత బాగా నచ్చినట్టు లెక్క.

ఆయన పోయాక సోమ్లి మళ్లీ ఏ అంగడికీ పోలేదు. ఇన్నేళ్లకు మనవరాలు జాంకి వచ్చి, "అవ్వా, కారు కొంట. నువ్వు నా ఎంబడి రావాలె" అనేసరికి, పెట్టెలోని మంచి రవిక తీసి తొడుక్కుంది.

జాంకికి కార్ల పిచ్చి ఇవాళ్టిది కాదు. అటవీ శాఖ జీపు తండాలోకి వస్తే అందరూ కట్టెల మోపులు దాచిపెట్టి ఇళ్లలోకి దూరేవారు. ఈ పిల్ల మాత్రం ఎదురు పరుగెత్తి చక్రం పక్కన నిలబడేది. ఒక శ్రీరామనవమికి భద్రాచలం వెళ్లినప్పుడు, అందరూ కల్యాణం చూస్తుంటే, అవ్వా మనవరాలూ బయట ఆపి ఉన్న కార్ల మధ్య తిరిగారు. పిల్ల ఒక్కో అద్దంలోంచి తొంగి చూస్తుంటే, డ్రైవర్లు కసురుకోకుండా సోమ్లి వాళ్లతో మాటలు కలిపింది. "కల్యాణం ఇడిసిపెట్టి ఎటు పోయిన్రు?" అని కొడుకు రెడ్యా అడిగితే, "రాముడు ఏటా దొరుకుతడు, గన్ని కార్లు దొరుకుతయారా?" అంది.

ఇప్పుడు జాంకి పర్ణశాల దగ్గరి ఆశ్రమ పాఠశాలలో టీచరు. డ్రైవింగ్ నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది. రెడ్యాకు మాత్రం ఇంకా మింగుడు పడలేదు.

"ఆడపిల్లకు కారేందమ్మా? నలుగురు నవ్వరా?"

"నవ్వనియ్. నవ్వినోళ్లను ఎక్కించుకోదు, గంతే" అంది సోమ్లి.

వైరాలో మహబూబ్ అలీ పాత కార్లు అమ్ముతాడు. ఆయన షెడ్డులో రెండు అంబాసిడర్ల మధ్య లేత నీలం రంగు ఫియట్ ఒకటి ఉంది. జాంకి తక్కినవాటి వైపు చూడనైనా చూడలేదు. నేరుగా వెళ్లి ఫియట్ తలుపు తీసి, స్టీరింగ్ మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆ ముఖం చూడగానే సోమ్లికి అంతా అర్థమైంది. ఇక తన వంతు మొదలైంది.

"ఏంది సాబ్, గీ రంగు? చాకిరేవుల మర్సిపోయిన చీర లెక్కున్నది."

"అమ్మా, ఇంజను చూడున్రి, రంగుదేముంది?" అన్నాడు మహబూబ్ అలీ నవ్వుతూ.

"ఇంజను సరే, నడుమేది? ఎనకకు కూలబడ్డది. తలుపు తీస్తే గట్ల ఏడుస్తదేంది? మా అడివి తొవ్వ దాకా రాదు, పాల్వంచ దాటకముందే పండుకుంటది. గిసుంటి దాన్ని కొన్నోళ్లకు తెలివి ఉండాలె గదా!"

జాంకి చెయ్యి మెల్లగా స్టీరింగ్ మీంచి జారింది. ముఖం బిగుసుకుంది. సోమ్లి అది చూసి లోలోపల మురిసిపోయింది. పిల్ల అచ్చం తాతలాగే బిగుసుకుపోయింది. ఎవరు నేర్పారో!

"వద్దు చాచా" అంటూ జాంకి కారు దిగింది. "పోదాం పా, అవ్వా."

"అరె, ఆగు బేటీ!" అని మహబూబ్ అలీ వెనక నుంచి పిలిచాడు. జాంకి ఆగలేదు. ఇది తాతను కూడా మించిపోయిందనుకుంది సోమ్లి. ఇంకో నాలుగడుగులు వేస్తే ఆయనే వెంట వస్తాడని, కావాలనే మెల్లగా నడిచింది.

బస్టాండు వచ్చింది. కొత్తగూడెం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. జాంకి ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.

"ఏందే, నిజంగనే ఎక్కినవ్? జర ఆగితే ఆయనే పిలుస్తడు గదా!"

"పిలిస్తే ఏం చేయాలె? నువ్వే తెలివి లేదంటివి."

"నేనా? నిన్నా?"

జాంకి కిటికీలోంచి బయటికి చూస్తూ అంది: "బాపు అంటే నాకేం కాలేదవ్వా. ఊరంతా అన్నా ఏం కాలేదు. చిన్నప్పటి నుంచి నువ్వొక్కదానివే నన్ను ఆపలే. నువ్వు కూడా గట్లంటే, నా పిచ్చి ఉత్త పిచ్చేనేమో అనిపించింది."

సోమ్లి బస్సెక్కింది. పిల్ల హాస్టల్లో పెరిగింది. అంగడి మొహం ఎప్పుడూ చూడలేదు. ఎద్దుల బేరం సంగతి దానికి ఎవరు చెప్పారు? తాతను చూసినట్టు చూసింది గానీ, అది తాత కాదని తనకెందుకు తట్టలేదు?

పక్కన కూర్చుని ఆ పద్ధతంతా చెప్పుకొచ్చింది. నచ్చినవాళ్లు ఊరుకోవడం, పక్కవాళ్లు తిట్టడం, దేవ్‌సింగ్ బిగుసుకుపోవడం. కారు తనకూ నచ్చిందని చెప్పింది. జాంకి అంతా విన్నది.

"మరి ఇప్పుడు నచ్చిందంటున్నది నిజమా, నన్ను ఊకోబెట్టనీకా? నాకెట్ల తెల్వాలె అవ్వా?"

బస్సు కదిలింది. సోమ్లి లేచి, "ఆపుండ్రి, ఆపుండ్రి!" అని అరిచింది. కండక్టరు విసుక్కున్నాడు. "ముసలమ్మా, ఇందాక ఎక్కేటప్పుడు గుర్తు రాలేదా?"

"మనసు అక్కడనే మర్సిపోయిన నాయనా" అంటూ మనవరాలి చెయ్యి పట్టుకుని దిగింది.

షెడ్డులో మహబూబ్ అలీ ఫియట్ మీద గుడ్డ కప్పుతున్నాడు. సోమ్లి ఆ గుడ్డను పక్కకు లాగి, ఎద్దు మూపురం మీద పెట్టినట్టు కారు ముందుభాగం మీద అరచెయ్యి పెట్టింది. అమ్మేవాడి ఎదుట సరుకును మెచ్చుకోవడం ఆమె జన్మలో చేయని పని. నాలుక తిరగలేదు. ఒకసారి గొంతు సవరించుకుంది.

"సాబ్, ఈ కారు మంచిగున్నది. రంగు మంచిగున్నది. నా మనవరాలికి సరిగ్గ సరిపోతది. ఇందాక నేనన్నయన్నీ ఉత్తయే."

మహబూబ్ అలీ గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "యా అల్లా! గిట్ల చెప్పినంక ఇగ బేరం ఏం చేస్తవమ్మా?"

"చెయ్య. నువ్వు ఎంతంటే గంత."

ఆయన జాంకి వైపు తిరిగాడు. జాంకి నవ్వడానికీ ఏడవడానికీ మధ్య ఎక్కడో ఉంది. "ఈ అవ్వను ఇంకోసారి బేరానికి తేకు బేటీ, ఇల్లు అమ్మి పోతది" అన్నాడు.

కాగితాల పని పూర్తయ్యాక జాంకి కారు తీసుకుని తండాకు బయలుదేరింది. సోమ్లి ముందు సీట్లో కూర్చుంది. పాల్వంచ దాటాక రెండు పక్కలా అడవి మొదలైంది. గుంతలో పడ్డప్పుడల్లా తలుపు కీచుమంటోంది.

"ఎట్లున్నదవ్వా?"

సోమ్లి పెదవులు బిగించుకుని రోడ్డు వైపే చూస్తోంది. ఒక్క మాట లేదు. జాంకి ఆ ముఖాన్ని ఒకసారి చూసింది. గేరు మార్చి, గొంతు పెంచింది.

"ఏం కారో ఏమో! రంగు ఎలిసింది. నడుము కూలబడ్డది. గీ తలుపు చూడు, అత్తగారింటికి పోయే పిల్ల లెక్క ఏడుస్తనే ఉన్నది..."

తండా వచ్చేదాకా తిడుతూనే ఉంది.