నీళ్లు ముట్టని కండక్టరమ్మ మరచెంబు

నేను ఒక పొట్టా, ఒక మెడా, నెత్తిన ఒక టోపీ ఉన్న ఇత్తడి శాల్తీని. మీ అమ్మమ్మల కాలంలో ప్రయాణమంటే ముందు నన్నే వెతికేవారు. మరచెంబు అనేవారు. నా మూతకు మరలుంటాయి. బిగించి తలకిందులుగా వేలాడదీసినా చుక్క కారదు. ఇప్పటి ప్లాస్టిక్ సీసాలు నన్ను చూసి నవ్వుకుంటాయని తెలుసు. నవ్వుకోనివ్వండి. నాకు డెబ్బై దాటాయి, ఇంకా డ్యూటీలోనే ఉన్నాను. వాటిలో ఏదైనా రెండో వేసవి చూసిందేమో అడగండి.

నన్ను చేసింది బుడితి అనే ఊరి కంచరి అప్పలాచారి. మూత మర కోయడానికి ఆయన మూడు రోజులు కూర్చున్నాడు. నాలుగో రోజు సంతలో నన్నెత్తి పట్టుకుని, "బిగించాక రెండెడ్లు చెరో పక్కన లాగినా ఊడదు బాబూ" అని అరిచాడు. ఎడ్లను కట్టి చూసినవాడు ఎవడూ లేడు కనక ఆ మాట ఇప్పటికీ నిజమే.

నన్ను కొన్న పోలినాయుడు ఎడ్ల బేరగాడు. కొండ దారుల్లో ఎడ్లను తోలుకుంటూ వారాల తరబడి నడిచేవాడు. నేను ఆయన భుజానికి వేలాడేదాన్ని. నా పక్కన ఒక సొట్ట ఉంది, చూశారా? ఒకనాడు ఆయన మధ్యాహ్నం చెట్టుకింద కునుకు తీస్తుంటే ఎలుగుబంటి వచ్చిందట. నా మూత తిప్పి తీసి, నీళ్లన్నీ తాగి, మళ్లీ మూత బిగించి మరీ పోయిందట. దాని పట్టుకే ఈ సొట్ట పడిందని ఊరూరా చెప్పేవాడు. నేనక్కడే ఉన్నాను. నన్ను తొక్కింది ఆయన ఎడమవైపు ఎద్దే. అయినా సాక్ష్యం అడిగితే నేను ఎలుగుబంటి పక్షమే. ఎద్దు తొక్కిన చెంబు అనిపించుకోవడం కన్నా అదే గౌరవం.

పోలినాయుడు ముసలివాడయ్యాక ఆయన మనవరాలు రత్నాలుకు బస్సు కండక్టరు ఉద్యోగం వచ్చింది. ఆయన నన్ను చింతపండు పెట్టి తోమించి, లోపల కొత్తగా కళాయి వేయించి ఆమె చేతిలో పెట్టాడు. "తిరిగీ ఉద్యోగం పిల్లా. దారిలో దాహం సంపుకోకు" అన్నాడు.

రత్నాలు తల ఊపింది. ఆ మాటను ఒక నెల పాటించింది. తర్వాత ఇరవై ఆరేళ్లు మరిచిపోయింది.

తప్పు పూర్తిగా ఆమెది కాదు. పట్నంలో తెల్లారకముందే బయల్దేరే ఆ బస్సు జీలుగుమెట్ట అనే కొండకింది ఊరి దాకా వెళ్లి తిరిగి వస్తుంది. అలా రెండు ట్రిప్పులు. జీలుగుమెట్టలో బస్సు ఆగేది ఒక రేకుల షెడ్డు ముందు. అక్కడ మగవాళ్లకు తుప్పలున్నాయి. ఆడవాళ్లు పోదామంటే ఆ తుప్పల్లో మగవాళ్లున్నారు. ఇక ఏం చేస్తుంది? నీళ్లు మానేసింది. ఇంటి దగ్గర లేచింది మొదలు మధ్యాహ్నం మళ్లీ ఇల్లు చేరేదాకా గొంతులో చుక్క పోసుకునేది కాదు. డిపోలో ఆమెకు "ఒంటె" అని పేరు పెట్టారు. ఆమె దాన్ని బిరుదులా మోసింది.

నన్ను మాత్రం రోజూ నింపి తెచ్చేది. నా నీళ్లు ఎవరు తాగలేదు గనక! సొమ్మసిల్లిన ముసలాయన తాగాడు, ఏడుపు ఆపని పసిబిడ్డ తాగింది, బుట్టలో ప్రయాణిస్తున్న కోడిపుంజు తాగింది. డ్రైవరు దాలినాయుడు నడిపే బస్సు రేడియేటరు పొగలు కక్కితే అదీ తాగింది. ఒక వైశాఖంలో నలభై మంది పెళ్లివారు నా నీళ్లతోనే ప్రాణాలతో ఇల్లు చేరారు. నా పొట్టలో పట్టేది లీటరున్నరే అని లెక్కలు అడక్కండి. పెళ్లికొడుకు మాత్రం రెండుసార్లు తాగాడు. తాగనిది నన్ను మోసే మనిషి ఒక్కతే.

చివరికి రత్నాలు రిటైరైంది. దండ వేశారు, శాలువా కప్పారు, బస్సు పాసు ఇచ్చారు. ఇక ఇంట్లోనే ఉంటుంది, బాత్రూము పది అడుగుల దూరంలో ఉంది, తాగడానికి అడ్డేమిటి అనుకున్నాను. చెంబు బుద్ధి ఎంతైనా చెంబు బుద్ధే. ఇరవై ఆరేళ్లు నోరు నొక్కిన దాహం మళ్లీ నోరు విప్పలేదు. ఆమెకు దాహమే వేసేది కాదు.

మూడో నెలలో జ్వరం వచ్చింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. మందులతో తగ్గింది. రెండు నెలలకు మళ్లీ వచ్చింది.

ఆమె భర్త సన్యాసిరావు దర్జీ. చూపు తగ్గి మిషను మూలన పెట్టాక ఆయనకు ఫోనే లోకం. ఆ ఫోనులో రోగనిరోధక శక్తి అనే మాట దొరికింది. ఆ మాటను నోరంతా తెరిచి పలికేవాడు. తిప్పతీగ కషాయం కాచాడు. ఉసిరి పొడి, పసుపు, అల్లం, తేనె, తులసి తెచ్చాడు. కండలు తిరిగిన కుర్రాడి బొమ్మ ఉన్న మాత్రల డబ్బా ఒకటి తెప్పించాడు. నేనుండే అలమరలో నాకు చోటు లేకుండా పోయింది. పాపం, ప్రేమగా చేశాడు. రత్నాలూ కాదనకుండా అన్నీ మింగింది. కాకపోతే ప్రతి డబ్బా మీదా "గ్లాసుడు నీళ్లతో" అని రాసి ఉండేది, ఆమె మాత్రం మాత్రలను పొడిగొంతుతోనే టక్కున మింగేసేది. కదిలే బస్సులో నేర్చుకున్న విద్య అది. సన్యాసిరావు గర్వంగా చూసేవాడు. నేను మూత కొరుక్కునేదాన్ని.

మూడోసారి వచ్చిన జ్వరానికి ఆమె గజగజ వణికిపోయింది. సన్యాసిరావును పట్టుకుని "ఎక్కడ దిగాల నువ్వు?" అని అడిగింది. అప్పుడు ఆయన భయపడ్డాడు. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కిందన్నారు. ఆయన నన్ను కూడా తీసుకొచ్చాడు గనక మంచం పక్కనుంచి అన్నీ విన్నాను.

"నీళ్లు ఎప్పుడు తాగుతారమ్మా?" డాక్టరమ్మ అడిగింది.

"దాహమేసినప్పుడు."

"దాహం ఎప్పుడేస్తుంది?"

"ఎయ్యదమ్మా."

సన్యాసిరావు అందుకున్నాడు. "తిప్పతీగ రోజూ ఇస్తన్నానండి. నిరోధక శక్తికి."

డాక్టరమ్మ నవ్వలేదు. అందుకు ఆమెకు నేను రుణపడి ఉన్నాను. "మంచి తిండి, నడక, నిద్ర, ఈ వయసులో వేయించుకోవాల్సిన టీకాలు, ఇవన్నీ కావాలి బాబుగారూ. కానీ ఈవిడ ఒంట్లో కాలవే ఎండిపోయింది. నీళ్లు కదలని చోట క్రిములు కాపురం పెడతాయి. ఇంకోసారి ఇలా వస్తే కిడ్నీల సంగతి నేను మాటివ్వలేను" అంది.

ఇల్లు చేరాక రత్నాలు బుద్ధిగా తాగింది. గంటకో గ్లాసు. గడియారం చూసి మరీ తాగింది. అయితే ఆమెకు పాసు ఉంది, గురువారం జీలుగుమెట్టలో సంత ఉంది. వారానికి ఒకసారి ఆ బస్సెక్కి, ఆ దారి చూసి, కందలూ చిక్కుడుకాయలూ కొనుక్కుని రావడం ఆమె రిటైర్మెంటులో దాచుకున్న ఒకే ఒక్క సరదా. నీళ్లు తాగితే బస్సెక్కలేదు. బస్సెక్కాలంటే నీళ్లు తాగలేదు.

"సంత మానీ" అన్నాడు సన్యాసిరావు.

"మానీసి? ఈ మూలగదిలో కూకుంటే జొరం రాకపోయినా నేను పోతాను, ఏటనుకున్నావ్?"

గురువారం నన్ను నింపింది. నాకు అర్థమైంది. ఇది మళ్లీ డ్యూటీ రోజు. నేను నిండుగా వెళ్లి నిండుగా రావాలి, ఆమె ఎండుగా వెళ్లి ఎండుగా రావాలి. డాక్టరమ్మ మాట ఇవ్వలేనన్నది దీనికే. నాకు కాళ్లుంటే ఆ రోజు దొర్లిపోయి నూతిలో పడి ఉండేదాన్ని.

బస్సులో కొత్త కండక్టరు ఉంది. కుసుమ అట. చురుకైన పిల్ల. ఎండ మండిపోతోంది, పెదవులు పగిలి ఉన్నాయి. టికెట్లు కొట్టి కొట్టి మా సీటు దగ్గర కమ్మీకి ఆనుకుంది. రత్నాలు నా మూత తిప్పి నన్ను చాచింది.

"తాగు తల్లీ. సల్లగుంటాయి."

"వద్దు మేడమ్. డ్యూటీలో తాగను."

"ఏటి?"

కుసుమ చిన్నగా నవ్వింది. "అలవాటైపోయింది మేడమ్. మీకు తెలీనిదా? మా డిపోలో చెప్తారు కదా, మీరైతే ఇరవై ఆరేళ్లూ చుక్క ముట్టలేదంట. నేనూ అలాగే చెయ్యాలనే."

రత్నాలు ఆ పిల్ల పగిలిన పెదవుల వంక చూసింది. చాచిన నన్ను వెనక్కి తీసుకుని ఎత్తింది. గటగటా తాగింది. సగం కాదు, అంతా. చెంబులకు కళ్లుండవంటారు గానీ, ఖాళీ అవుతుంటే నా లోపల ఏదో తడిగానే ఉంది.

"మేడమ్, జీలుగుమెట్టకి ఇంకా ఇరవై కిలోమీటర్లుంది" అంది కుసుమ, భయంగా.

"నాకు తెల్దేటి? సారవాడలో రెండు నిమిషాలు ఆపించు."

సారవాడలో బస్సు ఆగే చోట ఒక పెంకుటిల్లు ఉంది. అరుగు మీద ఆదెమ్మ అనే ఆవిడ మరమరాలూ బెల్లమూ అమ్ముతుంది. ఇన్నేళ్లూ కిటికీలోంచి చూసుకోవడమే గానీ ఇద్దరూ మాట్లాడుకున్నది లేదు. రత్నాలు దిగి, గొంతు సవరించుకుంది. వెయ్యి మందిని వెనక్కి జరగమని అరిచిన గొంతు అది. ఆ రోజు పలకడానికి సిగ్గుపడింది.

"ఆదెమ్మా, ఓసారి మీ బాత్రూముకి ఎల్తాను."

"ఎల్లమ్మా! పెరట్లో ఉంది, గొళ్లెం గట్టిగా ఎయ్యి." ఆదెమ్మ పక్కకు జరిగింది. రత్నాలు తిరిగొచ్చాక చేతులకు నీళ్లు పోస్తూ, "ఇన్నేళ్లూ మా గుమ్మం ముందర ఆగినావు. ఒక్కనాడూ దిగనేదేటి?" అంది.

"ఎలాగడగను?"

"ఇప్పుడడిగినట్టే."

అంతే. ఇరవై ఆరేళ్ల దాహానికి మందు ఒక ప్రశ్న. అది ఏ డబ్బాలోనూ అమ్మరు.

రత్నాలు బస్సు మెట్టు దగ్గరకొచ్చి కుసుమ మణికట్టు పట్టుకుంది. "దిగు. ఈవిడ ఆదెమ్మ. ఆదెమ్మా, ఈ పిల్ల రోజూ రెండు ట్రిప్పులొస్తాది. తలుపు తియ్యాల."

"తీస్తానమ్మా. నా కోడలైతే తియ్యనేటి?"

"వద్దు మేడమ్, అందరూ చూస్తారు" అంది కుసుమ.

"సూడనీ. ఈ సూసీవోళ్లెవలూ నాతో ఆసుపత్రికి రానేదు, అక్కడ నేనొక్కదాన్నే వొణికినాను. నువ్వు నాలాగ అవ్వొద్దు. ఒంటె పేరు నాతో పోనీ."

తర్వాత ఆమె జీలుగుమెట్టలోనూ ఒక తలుపు తట్టింది, బడి పక్కన ఉండే అంగన్వాడీ ఆయమ్మది. ఇప్పుడు ప్రతి గురువారం అలా తాగుతూ, దిగుతూ వెళ్లి రావడమే ఆమె డ్యూటీ. ఎనిమిది నెలలైంది, జ్వరం రాలేదు. డాక్టరమ్మ కాగితాలు చూసి బాగున్నాయంది. పొద్దున్నే ఊరి చివరిదాకా నడుస్తోంది, టీకాలు వేయించుకుంది, కంటినిండా నిద్రపోతోంది. సన్యాసిరావు ఇదంతా తిప్పతీగ మహిమే అని వీధిలో చెప్తున్నాడు. నేను ఖండించను. ఆ కషాయం ఇప్పుడు నిండు గ్లాసు నీళ్లతో దిగుతోంది మరి; ఆయనకూ కొంత వాటా ఉండనీండి. నన్ను పోత పోసిన చేతులకూ, మోసిన భుజాలకూ, అరుగు మీంచి పక్కకు జరిగిన ఆ ఆదెమ్మకూ రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. చేతులు లేవు గనక మనసులోనే.

పోయిన గురువారం సంగతి చెప్పి ఆపేస్తాను. సారవాడలో కుసుమ దిగింది. ఆమె వెనకాల కూరల బుట్టతో ఒకావిడ దిగింది. "మేవూ బస్సెక్కీనాడు నీళ్లు ముట్టంగదా" అంటూ ఇంకో ఇద్దరు దిగారు. చూస్తుండగానే ఆదెమ్మ పెరటి గుమ్మం ముందు ఏడుగురు ఆడవాళ్లు వరసగా నిలబడి కబుర్లలో పడ్డారు. ముందు సీట్లోని పెద్దమనిషి వాచీ చూసుకుని చిరాకుపడ్డాడు.

"ఎంతసేపమ్మా ఇది?"

రత్నాలు కిటికీలోంచి తల తిప్పింది. "పుట్టిన కాడ్నుంచీ ఆపుకుంటన్నాం బాబూ. నువ్వొక్క ఐదు నిమిషాలు ఆగలేవేటి?"

ఆయన వాచీ మీదికి చొక్కా చేయి లాక్కున్నాడు. కాసేపటికి గొంతు తడారినట్టుంది, నా వైపు చూశాడు. రత్నాలు నవ్వి నా మూత తిప్పి ఇచ్చింది.