బుచ్చమ్మ బుగ్గమీద చుక్క

మా ఆయన పోయాకే నేను అక్షరాలు దిద్దుకున్నాను. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. మాటలు కూడబలుక్కుంటూ రాసేసరికి చాలా ఆలస్యమైంది, అందుకు కూడా ఏమీ అనుకోకండి.

బుచ్చమ్మ మోండా మార్కెట్‌లో కొత్తిమీర, పుదీనా అమ్ముతుంది. ఆమె కోడలు అనుపమకు నెలలు నిండకముందే ఆడపిల్ల పుట్టింది. పిల్ల బుచ్చమ్మ అరచేతికి కాస్త ఎక్కువ, అంతే. ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పడుకోబెట్టి, ముక్కులో సన్నని గొట్టం వేసి, అనుపమ పిండి ఇచ్చిన పాలు కొంచెం కొంచెం పోస్తున్నారు. పిల్ల బరువు పెరగాలి, తనంతట తాను చప్పరించి తాగాలి. ఇంటికి పంపేది అప్పుడే.

అనుపమ అక్కడే తల్లుల గదిలో ఉండిపోయింది. బుచ్చమ్మ రోజూ బేరాలు పలచబడగానే అన్నం క్యారియర్ పట్టుకుని వచ్చేది.

"నానమ్మగారూ, మీ మనవరాలు భలే పుంజుకుందండీ!" అని నర్సు గ్రేసీ అందో లేదో, బుచ్చమ్మ కంగారుగా చుట్టూ చూసింది.

"మెల్లగ, బిడ్డా! గంత గట్టిగ అంటె దిష్టి తగుల్తది."

"తగిలితే తగిలింది గానీ, కాటుక మాత్రం లోపలికి తేవద్దండి. మొన్ననే చెప్పాను."

కాటుక కుదరదు. ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేయడం అసలే కుదరదు. ఇక బుచ్చమ్మ చేతిలో ఉన్నది తన నోరే. మార్కెట్‌లో ఎవరడిగినా మొహం వేలాడేసి, "ఏం పెరుగుడు? ఎండుపుల్ల లెక్కనే ఉన్నది" అనేది. వాళ్లు అటు తిరగగానే కూనిరాగం తీస్తూ కొత్తిమీర కట్టలు కట్టుకునేది.

పక్కన నిమ్మకాయలమ్మే డోరాది మెత్తని మనసు. ఆ మాట నమ్మి అనుపమకు ఫోన్ చేసింది.

"ధైర్యంగుండు అనుపమా. పిల్ల జెర సుత పెరుగుతలేదని మీ అత్త చెప్పింది. నేను ప్రార్థన చేస్తున్న."

డాక్టర్లు తన దగ్గర దాచి అత్తకు అసలు సంగతి చెప్పారనుకుంది అనుపమ. గ్రేసీ ఎంత చెప్పినా నమ్మలేదు. మరునాడు బుచ్చమ్మ వెళ్లేసరికి కోడలు గోడవైపు తిరిగి కూర్చుంది. పాలు పిండే గిన్నె అడుగైనా తడవలేదు.

"అత్తమ్మా, నిజం చెప్పు. నా బిడ్డ దక్కదా?"

"ఎవరన్నరే గా మాట?"

"నువ్వే అన్నవంట గద! డోరక్క చెప్పింది."

నిజం చెబితే దిష్టి. చెప్పకపోతే కోడలికి పాలు రావు. బుచ్చమ్మ గిన్నెవంక ఒకసారి చూసింది. కొంగు నడుముకు బిగించి, గది మధ్యలో నిలబడి, గిరాకీని పిలిచే గొంతుతో ఎత్తుకుంది.

"ఇనుండ్రి అందరు! నా మనవరాలు పెరుగుతున్నది! దినాం పెరుగుతున్నది! ఇగ జూడుండ్రి, గుమ్మడికాయ లెక్క అయితది! ఎండుపుల్ల అన్నదంత ఝూటా మాట. దిష్టికి భయపడి నేనే అన్న!"

గదిలోని తల్లులంతా పగలబడి నవ్వారు. గ్రేసీ పరుగెత్తుకొచ్చింది.

"నానమ్మగారూ, ఇది ఆసుపత్రండీ! మీ కొత్తిమీర కొట్టు కాదు!"

అనుపమ ఏడుస్తూనే నవ్వింది. "గింత పరేషాన్ చేస్తవా!" అంటూ అత్త భుజంమీద రెండు దెబ్బలు వేసి, అక్కడే తల వాల్చింది. సాయంత్రానికి పాలు మళ్లీ గిన్నెలోకి దిగాయి.

కొన్నాళ్లకు గ్రేసీ గొట్టం తీసేసి పిల్లను తల్లి రొమ్ముకు ఆనించింది. పిల్ల కాసేపు వెతుక్కుంది, అలిగింది, చివరికి పట్టుకుంది. ఇక వదలదే!

ఇంటికి పంపేరోజు బుచ్చమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఆమె బుగ్గమీద రూపాయి బిళ్లంత కాటుక చుక్క.

"ఇదేంటండీ, చుక్క మీకా?" అంది గ్రేసీ.

"పిల్లకు పెట్టనియ్యవైతివి. ఇగ అందరు నన్నే చూస్తరు, నా మనవరాలిని ఎవ్వరు చూడరు."

అలాగే జరిగింది. మార్కెట్ ముందు ఆటో ఆగితే జనమంతా బుచ్చమ్మ చుక్కనే చూసి నవ్వారు. డోరా నిమ్మకాయ ఒకటి విసిరింది.

"నీ అబద్ధానికి నేను మోకాళ్లమీద ప్రార్థన చేసిన గదనే!"

"చేస్తె ఏమైందే? పనిజేసింది గద!"

అనుపమ ఒళ్లో పిల్ల ఇదేమీ పట్టనట్టు పెద్దగా ఆవలించింది.

వీరరాఘవమ్మ, అరవై ఏడేళ్లు. ఇప్పుడు ఉంటున్నది రెజిమెంటల్ బజార్‌లో, చిన్న కూతురింట్లో.