బ్రేకు పొడి

కారు మంగళవారం పొద్దున్నే ఇంటికి చేరింది. చిదంబరం మాత్రం ఇంకా ఆగలేదు.

అరకు ఘాట్ దిగుతున్నంతసేపూ అతను బ్రేకు మీద కాలు తీయలేదు. ఒంట్లో ఉన్న ఆగే శక్తంతా ఆ మలుపుల్లోనే ఖర్చయిపోయింది. ఇప్పుడు హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వెనక గదిలోకి, అక్కడి నుంచి మళ్లీ హాల్లోకి నడుస్తూనే ఉన్నాడు. చొక్కా కూడా మార్చుకోలేదు. మార్చుకోవాలంటే ఒకచోట నిలబడాలి కదా.

అతనికి దారి ఇవ్వడానికి ఇల్లు పొడుగవుతోంది. భార్య ఇందుమతి కుక్కరు విజిళ్లతో లెక్క చూస్తోంది. మంగళవారం విజిలుకొకసారి వంటింట్లోకి వచ్చేవాడు. ఇవాళ గురువారం, తొమ్మిది విజిళ్లకు ఒకసారి వస్తున్నాడు. పప్పు ఎప్పుడో గుజ్జయిపోయింది. ఇల్లు ఇలాగే సాగితే, రేపు వెనక గదిలోకి వెళ్లినవాడు ఇక తిరిగి రాడు.

“ఇందూ, కాఫీ ఉందా?” అని ఒక చుట్టులో అడుగుతాడు. ఆమె “ఉందండీ” అనేసరికి దాటిపోతాడు. తరవాతి చుట్టులో గ్లాసు అందిస్తే, “చల్లారిపోయిందోయ్” అంటూ తాగుతూనే వెళ్లిపోతాడు. ఆ గొంతు నిన్నటికంటే సన్నగా ఉంది.

కింద సెల్లారులో మెకానిక్ ఎర్రినాయుడు కారు పక్కన గొంతుక్కూర్చున్నాడు. చక్రం మీద వేలితో రాసి, అంటిన నలుపును కిందికి దిగొచ్చిన ఇందుమతికి చూపిస్తాడు.

“అయ్యగారి ఆగడమంతా ఇదిగో, ఇక్కడుంది అమ్మగోరూ. బ్రేకు అరిగినప్పుడల్లా పొడై చక్రానికి పట్టేస్తాది. నాలుగు చక్రాలదీ తీసి ఆయన పాదాలకి రాసీండి. ఆగిపోతారు.”

“ముందు చక్రం ఒకటి మంగళవారమే కడిగేశాను.”

“ఏటీ? కడిగీసారా!”

ఊరి నుంచి వచ్చినవి కాళ్లయినా చక్రాలయినా గుమ్మం దాటకముందే కడగాలన్నది ఇందుమతి పట్టింపు. వేడి మీద ఉంది కాబట్టి ఆ ఒక్క చక్రం పొడి తేలిగ్గా వదిలి కాలవలో కలిసిపోయింది. రెండో చక్రం దగ్గరికి వెళ్లేసరికి కొళాయి ఆగిపోయింది. మిగతా మూడూ ఆరిపోయి, మాడిన గిన్నెల్లా బిగిసిపోయాయి.

“మీ శుభ్రం కొంప ముంచీసింది” అంటాడు ఎర్రినాయుడు, కోపం లేకుండా.

ఆమె సబ్బునీళ్లు పోస్తుంది. కదలదు. కిరసనాయిలు గుడ్డ పెడుతుంది. మెరుస్తుంది తప్ప కదలదు. పాత టూత్‌బ్రష్ అరిగి పుల్ల మిగులుతుంది. పైన తొమ్మిదో విజిలు వినిపిస్తుంది, తరవాత పదోది, పదకొండోది. అతని అడుగుల చప్పుడు ఇంకా రాలేదు.

ఆమె పైకి పరిగెత్తి చింతపండు తెస్తుంది.

“ఇది కారేటమ్మగోరూ, దేవుడి గంగాళమేటి?”

“నలుపు నలుపే నాయుడూ. నువ్వు పళ్లెం పట్టు.”

చింతపండు తగలగానే పొడి ఊదారంగు నీరై కారుతుంది. ఒక్కో మరక ఊడినప్పుడు ఒక్కో మలుపు కీచుమంటుంది. ఆమె గోళ్లు అరిగి పళ్లెంలో పడతాయి. వాటిని ఏరి పక్కన పెడుతుంది, లెక్కలో కలవకూడదని. మూడు చక్రాలూ తెల్లబడేసరికి పళ్లెంలో మూడు గరిటెల ముద్ద తేలింది.

ఆమె వంటింటి గుమ్మంలో కూర్చుంటుంది. ఇరవై రెండో విజిలుకు చిదంబరం వస్తాడు. ఎడమ పాదానికి రెండు గరిటెలు పూస్తుంది. పాదం నేలకు అతుక్కుంటుంది. మిగిలిన గరిటె కుడి పాదానికి మడమ దాకానే సరిపోతుంది. మడమ ఆగింది. వేళ్లు ఆగలేదు. పాదం సాగుతూ సాగుతూ వంటిల్లు దాటి, వెనక గది మలుపు తిరుగుతోంది.

“ఇందూ, నొప్పెడుతోందే.”

“కొంచెం ఉండండి.”

“ఉండలేకపోతున్నాను.”

ఇందుమతి ఇల్లంతా కళ్లతో వెతుకుతుంది. పొయ్యి మీద పాలగిన్నె ఉంది. ఆమె ఇంట్లో తళతళలాడనిది అదొక్కటే. ఇరవై రెండేళ్లుగా తోముతోంది, అడుగున ఉన్న నలుపు పోదు. ఇరవై రెండేళ్లుగా రోజుకు రెండు పూటలా, పాలు కాగేదాకా ఆమె దాని ముందే నిలబడింది. ఒక్క పూటైనా కదల్లేదు. ఒక్క బొట్టూ పొంగనివ్వలేదు. ఆ ఆగడమంతా గిన్నె అడుగునే పట్టేసింది.

పాలు వేరే గిన్నెలోకి ఒంపి మళ్లీ పొయ్యి మీద పెడుతుంది. పాత గిన్నె బోర్లించి అట్లకాడతో గీకుతుంది. ఈసారి నలుపు మొదటి గీతకే వచ్చేస్తుంది, మెత్తగా, కాటుకలాగా. గరిటెడు కచ్చితంగా ఉంది.

సాగిన కాలి వెంట నడిచి వెళ్లి వేళ్లకు రాస్తుంది. కాలు మెల్లగా వెనక్కి ముడుచుకుంటుంది. ఎడమ పాదం నేలను వదులుతుంది. దూరంగా హాల్లో అతను కూర్చోగానే కుర్చీ కిర్రుమంటుంది.

“అబ్బ! ఇప్పుడొచ్చానోయ్ ఇంటికి” అంటాడు చిదంబరం.

ఇందుమతికి ఏడుపొస్తుంది. అతని దగ్గరికి వెళ్తుంది, అతన్ని దాటుతుంది, ముందుకే వెళ్తుంది.

“ఎక్కడికి? కూర్చో.”

“కూర్చోవాలనే ఉందండీ” అంటుంది. ఆ మాట పూర్తయ్యేసరికి హాలు వెనకబడిపోయింది.

అవతల వంటిల్లు వస్తుంది. దాని తరవాత మరో వంటిల్లు, ఆ తరవాత మరొకటి. ఒక్కోదానిలో ఒక్కో పొయ్యి, ఒక్కో పొయ్యి ముందు ఒక్కో ఇందుమతి. ఆమె పక్కనుంచి వెళ్లగానే వాళ్లు ఒక్కొక్కరే గిన్నె మీంచి చూపు తిప్పి, కొంగు బిగించి, ఆమె వెనకే నడక మొదలుపెడతారు. ఎవరూ దేన్నీ పట్టుకుని ఆగరు.

వాళ్ల వెనకాల ఇరవై రెండేళ్ల పాలు ఒక్కసారిగా పొంగుతున్నాయి. తెల్లగా, మలుపులు తిరుగుతూ, ఘాట్ దిగుతున్నట్టు ఇల్లంతా దిగి, హాల్లో కుర్చీలో కూర్చున్న చిదంబరం పాదాలు కడుగుతున్నాయి.