మా వదిన ఆపిన సీటు

బస్సు కిక్కిరిసి ఉంది, అయినా నాకు సీటుంది, ఎందుకంటే తాయారు వదిన ఎప్పుడో ఎక్కి కూర్చుని, పక్కసీట్లో తన రుమాలు పరిచి, ఎవరొచ్చి అడిగినా "మనిషున్నారండి, మా మరదలొస్తంది" అని పంపించేస్తోంది, నేనేమో జనంలోంచి ఒత్తుకుంటూ ఆవిడవైపు నడుస్తున్నాను, ఎంత నడిచినా ఆ సీటు అంత దూరంలోనే ఉంటోంది, తీరా కిందికి చూస్తే నేను నడుస్తున్నది మా వంటింటి గచ్చు మీద, డ్రైవరు పక్కన ఇంజను ఉండాల్సిన చోట మా పొయ్యి, దాని మీద పాలు. వదిన చనిపోయిందన్న సంగతి నాకు తెలుసు. బస్సులో అందరికీ తెలిసినట్టే ఉంది, కానీ నాకోసం సీటు ఆపిన మనిషిని ఆ మాట అడగడం మర్యాద కాదనిపించి ఊరుకుంటాను.

"ఏవే హైమా, ఇంతసేపా? ఈ రుమాలు మీద ఎంతమంది కళ్ళు పడ్డాయో తెలుసా?" అంటుంది వదిన.

అది మా ఆయన పాత గళ్ళ రుమాలు. అంచు ఊడిపోతే పారేద్దామని నేను పక్కన పెట్టినదాన్ని ఆవిడ తీసుకుని, ఇంట్లో తెల్లదారం దొరక్క ఎర్రదారంతో కుట్టుకుంది. దాన్ని మడిచి బొడ్లో దోపుకుని, జరిగి, కిటికీ పక్క సీటు నాకిస్తుంది. బతికున్నప్పుడూ అంతే, గాలి వచ్చే చోటు ఎప్పుడూ ఇంకొకరికే.

తాయారు వదిన మా ఆయనకి అక్క. పెళ్ళయిన కొత్తలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది, తరవాత ఆ పుట్టిల్లే నా అత్తిల్లయింది. నా పిల్లలిద్దరికీ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది ఆవిడే, నేను ఉద్యోగానికి వెళ్ళి వచ్చేసరికి వాళ్ళకి జడలూ అన్నాలూ పేచీలూ అన్నీ తీర్చి ఉంచిందీ ఆవిడే. పాప నన్ను అమ్మా అని పిలవడానికి ముందు ఆవిడని అత్తా అని పిలిచిందని నేను ఏడాదిపాటు లోలోపల కుళ్ళుకున్నాను కూడా.

"నీతో పనుండి వచ్చేనే," అంటుంది, ముందు సీటు కమ్మీ పట్టుకుని. "కార్డులో నా పేరు తీయించెయ్యి."

"ఏ కార్డు వదినా?"

"అదేనే, ఆసుపత్రి కార్డు. మీరందరూ ఉన్నారే, నన్నూ ఎక్కించేరే, ఆ పాలసీ. పోయినదాని పేరుకి కూడా డబ్బు కట్టుకుంటూ కూచుంటారేంటి? మీకెవరికీ ఈ పన్లు తెలీవు. మా అమ్మ పోయినప్పుడు చూసేవు కదా."

చూశాను. మా అత్తగారి పెద్దకర్మ అయిన మర్నాడే వదిన రేషన్ షాపుకి వెళ్ళి, ఆవిడ పేరు తీయించి, మా పాప పేరు ఎక్కించే వరకూ ఊపిరి తీసుకోలేదు. రేషన్ కార్డు వదిన రాజ్యం. ఎవరు పుట్టినా ఎవరు పోయినా ఆ కార్డు మీద సరిగ్గా ఉండాలి, లేకపోతే ఇల్లు సరిగ్గా లేనట్టే ఆవిడకి. ఆరోగ్య బీమా కూడా అలాంటిదే అనుకుంది, ఇంట్లో ఎవరుంటే వాళ్ళందరూ అందులో ఉంటారని. తప్పేముంది, నేనూ అలాగే అనుకున్నాను మొదట్లో.

బస్సు ముందునుంచి "చెప్పాలండి, కుటుంబం ఎవరెవరో చెప్పాలండి," అని కేక వినిపిస్తుంది. తల ఎత్తి చూస్తే కండక్టరు మరెవరో కాదు, మాకు పాలసీ ఇప్పించిన ఏజెంటు సూరిబాబు, తోలుసంచి భుజానికి తగిలించుకుని ఒక్కో సీటు దగ్గరా ఆగుతూ వస్తున్నాడు. "భార్యా భర్తా పిల్లలూ ఒక టికెట్టండి, కావాలంటే తల్లిదండ్రుల్ని కలుపుకోవచ్చండి, అత్తమామల్ని కలుపుకోవచ్చండి," అంటున్నాడు, ఎంతో మర్యాదగా. అతను ఇక్కడికొస్తే ఏమంటాడో నాకు తెలుసు. ఆ రోజు మా హాల్లో కాఫీ తాగుతూ అన్న మాటే అంటాడు, ఆడపడుచుకి ఇందులో చోటుండదండి, కుటుంబం కింద రారండి, ఆవిడకి వేరేగా తీసుకోవాలండి అని.

ఆ మాట అన్నప్పుడు వదిన వంటింట్లో ఉంది. అతను వెళ్ళిపోయాక చేతులు తుడుచుకుంటూ వచ్చి "నన్నూ ఎక్కించేరా?" అని అడిగింది. మా ఇంటి చాకిరీ అంతా నెత్తినేసుకున్న మనిషితో, నువ్వు మా కుటుంబం కాదట వదినా అని ఎలా చెప్పను? నేను తలూపాను. రేపో ఎల్లుండో ఆవిడకి వేరే పాలసీ తీసేసుకుంటే ఈ తలూపడం నిజమైపోతుంది కదా అనుకున్నాను. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు. వదిన ఆ సాయంత్రం పరమాన్నం వండి, గిన్నెలో పెట్టుకుని పక్కింటికీ ఎదురింటికీ ఇచ్చి, "మా తమ్ముడు నన్ను కూడా ఎక్కించేడండి," అని చెప్పి వచ్చింది. ఆ పరమాన్నం నేనూ తిన్నాను.

కిటికీ బయట సామర్లకోట రావాలి. దాని బదులు ఆసుపత్రి వరండా వెనక్కి వెళ్తోంది, కరెంటు స్తంభాలుండాల్సిన చోట సెలైన్ స్టాండ్లు, వాటి కింద ఎవరో కూర్చుని జామకాయలు అమ్ముతున్నారు. సూరిబాబు ఇంకా ముందు సీట్లలోనే ఉన్నాడు. దేవుడా, అతనికి చిల్లర దొరక్కుండా చెయ్యి, అని మొక్కుకుంటాను.

"నీకు ఇంకోటి చెప్పాలి," అంటుంది వదిన, గొంతు తగ్గించి. "నేనందులోంచి చిల్లిగవ్వ వాడలేదే. తెలుసా?"

"తెలుసు వదినా."

"అది అందరికీ కలిపి ఒకటే గిన్నె అని తమ్ముడు చెప్పేడు కదా, ఒకళ్ళు వాడేస్తే మిగతావాళ్ళకి తగ్గిపోద్దని. పిల్లలున్న ఇల్లు. చిన్నోడేమో గోడలెక్కి దూకుతాడు, పాపకి చలికాలం వస్తే ఆయాసం. నేను ముందే గరిటె పెట్టేస్తే వాళ్ళకేం మిగులుద్ది?"

ఈవిడ అన్నం కూడా అలాగే తినేది. అందరూ లేచాక, గిన్నెలో అడుగున ఉన్నది, అదీ రేపటికి చిన్నోడికి పనికొస్తుందేమో చూసుకుని. కడుపులో నొప్పి మొదలైతే గ్యాసు అంది. వామునీళ్ళు తాగింది. కూరలు తరుగుతూ తరుగుతూ ఆగిపోయి, పొట్ట మీద పిడికిలి నొక్కుకుని, నేను చూస్తే కత్తిపీట పదును లేదే అని దాని మీద విసుక్కునేది. నేను నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది కాబట్టి నమ్మాను, ఎందుకంటే ఆసుపత్రికి తీసుకెళ్తే కార్డు అడుగుతారు, కార్డు అడిగితే అందులో ఆవిడ లేని సంగతి బయటపడుతుంది. ఆవిడ ఒకరోజు పెరట్లో పడిపోయాక తీసుకెళ్ళాం. పెద్ద జబ్బు, చెయ్యి దాటిపోయిందన్నారు. మంచం మీద పడుకుని కూడా "కార్డంతా నాకే పెట్టెయ్యకే, పిల్లలకి ఉంచు," అంది. మేం తలో మూలా నిలబడి సరేనన్నాం.

"టికెట్టండి," అంటున్నాడు సూరిబాబు, రెండు వరసల అవతల. అతని చేతిలో టికెట్ల కట్ట బదులు మా పిల్లల చెప్పులున్నాయి, అది నాకేమీ వింతగా లేదు.

"వదినా, ఈ స్టాపులో దిగిపోదాం పద," అంటాను ఆవిడ చెయ్యి లాగుతూ.

"ఎందుకే? నాకు టికెట్టుంది కదా."

ఆవిడ చెయ్యి వెచ్చగా ఉంది, పసుపువాసన వేస్తోంది. అతను వచ్చి అందరి ముందూ అనే బదులు నేనే చెప్పేయాలి. బస్సు చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో, పొయ్యి మీద పాలు పొంగడం మొదలుపెట్టిన ఆ క్షణంలో చెప్పేస్తాను.

"లేదు వదినా. నీ పేరు ఎప్పుడూ లేదు. ఎక్కించలేదు. ఆడపడుచుకి కుదరదన్నాడు. వేరేగా తీసుకుందాం అనుకున్నాం, తీసుకోలేదు. నేను ఊరికే తలూపాను."

వదిన నావైపు చూస్తుంది. కోపం కనపడితే బాగుండునని వెతుకుతాను. లెక్క తేలక మళ్ళీ మొదట్నించీ కూడుకుంటున్న మనిషి ముఖం ఆవిడది.

"లేనే లేనా?"

"లేవు."

"మరయితే..." అని ఆగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మెల్లిగా అడుగుతుంది. "మరి నేనంత దాచేనే. ఎవరికి మిగిల్చేనే అదంతా?"

ఆ నొప్పి ఎవరికీ మిగల్లేదు, ఎవరికీ దేనికీ పనికి రాలేదు. నాకు చచ్చిపోవాలన్నంత సిగ్గుగా ఉంది.

"ముందే చెప్పకపోయేవా," అంటుంది వదిన, నవ్వబోయి, నవ్వు సగంలో వదిలేసి. "లేదని తెలిస్తే ఒక్కసారైనా గట్టిగా అరిచేదాన్ని కదే. అమ్మోయ్ నొప్పీ అని వీధంతా వినపడేట్టు అరిచేదాన్ని. మీరేం చేసినా చెయ్యకపోయినా, అరిస్తే నాకు కాస్త తెరిపి ఇచ్చేది."

"క్షమించు వదినా."

ఆవిడ ఆ మాట వినిపించుకోదు. లేచి నిలబడుతుంది, బొడ్లోంచి రుమాలు తీస్తుంది, తను కూర్చున్న సీటు మీద పరిచి, ముడతలు లేకుండా అరచేత్తో రాస్తుంది. ఆ రాయడంలో ఆవిడ చేతి గాజు సీటు ఇనపచట్రానికి తగిలి టంగుమంటుంది.

"మీ అమ్మని ఎక్కిస్తన్నారంట కదా," అంటుంది.

ఈ సంగతి ఆవిడకి ఎలా తెలిసిందో అడగను. అవును, అత్తగారికైతే చోటుందట. మా ఆయనకి అత్తగారు, అంటే మా అమ్మ, మా అన్నయ్య దగ్గర ఇమడలేక మా ఇంటికి వచ్చి నాలుగు నెలలయిందో లేదో, ఆవిడకి కుటుంబంలో చోటు దొరికింది. ఇరవై ఏళ్ళు ఈ ఇంట్లో అన్నం వండిన మనిషికి దొరకలేదు. వదిన ముఖంలోకి చూడలేక రుమాలు మీది ఎర్రదారాన్ని చూస్తూ కూర్చుంటాను.

"మంచి పని. ఆవిడని ఇక్కడ కూచోబెట్టు. కానీ ఆవిడకి గిన్నె సంగతి చెప్పకు హైమా. ఆడవాళ్ళకి ఆ సంగతి చెప్పకూడదే."

"నువ్వెక్కడికి వదినా? ఇంకా ఊరు రాలేదు."

"పాలు పొంగిపోతన్నాయి, చూడు," అని ముందుకు నడుస్తుంది, జనం జరిగి దారిస్తారు, సూరిబాబు కూడా పక్కకి ఒదిగి "రండమ్మా, రండి," అంటాడు, నేను లేచి వెనకాలే వెళ్ళాలని చూస్తాను, కానీ నేను లేస్తే రెండు సీట్లూ పోతాయని భయం, పోతే అమ్మ ఎక్కడ కూర్చుంటుంది, వదిన ఒకసారైనా వెనక్కి తిరిగితే చాలు, తిరగదు, పొయ్యి దగ్గరికి వెళ్ళి వంగి

"అమ్మాయ్. లేమ్మా. నిద్దరోయేవా?"

కళ్ళు తెరిచాను. పరీక్షల సెంటరు హాలు. పొద్దున్న పరగడుపున రమ్మంటే వచ్చాం, పెద్దవాళ్ళని పాలసీలో కలపాలంటే ముందు ఈ రక్తపరీక్షలు చేయించాలట. గోడకున్న ఫ్యాను తిరుగుతోంది. నా పక్క కుర్చీలో అమ్మ లేదు, అమ్మ కూర్చున్న చోట ఒక గళ్ళ రుమాలు పరిచి ఉంది, ముడతలు లేకుండా, ఎర్రదారం కుట్టున్న అంచు నావైపుకి.

అమ్మ ఎదురుగా నిలబడి ఉంది, మోచేతి మడతలో దూది అదుముకుని.

"మీ అటక మీది పెట్టెలో కనపడితే తెచ్చుకున్నాను," అంది, నేను రుమాలువంకే చూస్తున్నానని. "జనం ఎక్కువున్నారు, లేస్తే కుర్చీ పోద్దని వేసి వెళ్ళేను. రక్తం తీసేరు. ఆ డాక్టరమ్మ ఏవైనా నొప్పులున్నాయా, రోగాలున్నాయా అని వందసార్లు అడిగిందే. ఏం లేవని చెప్పేసేను. ఎందుకొచ్చిన ఖర్చు, పిల్లలున్న ఇల్లు."

అలా చెబుతూ కుర్చీలో కూర్చోబోయి, నడుం పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. నేను చూశానని గమనించి, ఈ కుర్చీలు మరీ కిందికున్నాయే అంది.

నేను లేచాను. రుమాలు అలాగే కుర్చీ మీద ఉంచి, అమ్మ చెయ్యి పట్టుకుని, "పద, ఎక్కడ నొప్పో ఆవిడకి గట్టిగా చెప్పి వద్దాం," అన్నాను.