పాలప్యాకెట్ల వంక

నిన్న సాయంత్రం మా ఆయన వేణుమాధవ్ ఫోన్ చూపించి, "రేపట్నుంచి పాలు ఇంటికే వస్తయ్ వసుధా. నీకు తక్లీఫ్ తప్పింది," అన్నాడు. ఎంత మురిసిపోయాడో! నా గుండెల్లో మాత్రం రాయి పడింది.

మూడేళ్లుగా నా పురుగుల ఫొటోలన్నీ ఆ పాలప్యాకెట్లు తెచ్చే వంకతోనే తీస్తున్నాను. మెట్టుగూడలో మా వీధి చివర, రైల్వే గోడ పక్కన జిల్లేడు పొదలున్నాయి. పురుగుల్ని తెల్లవారుజామునే తీయాలి. కాస్త ఎండ తగిలితే చాలు, ఒక్కటీ నిలవదు. ఇంట్లో ఇడ్లీ, మూడు టిఫిన్ డబ్బాలు, అత్తమ్మ చాయ్, అన్నీ సరిగ్గా ఆ వేళకే కావాలి. ఫోన్‌కు చిన్న లెన్స్ తగిలించి, రెండు వేళ్ల దూరంలో ఊపిరి బిగబట్టి కూర్చుంటే చీమ మీసాలు కూడా కనిపిస్తాయి. వాటి కోసం ఎన్ని అబద్ధాలో! పాలబండి ఆలస్యమైందని, లైన్ పెద్దగా ఉందని. మొదట్లో ఒకసారి నిజమే చెప్పాను. "బియ్యంల సుత పురుగులు పట్టినయ్, అవి తీయి," అంది అత్తమ్మ. వేణు పగలబడి నవ్వాడు. అదే ఆయన ఆదివారం క్రికెట్‌కు పోతుంటే ఇల్లంతా కలిసి బూట్లు వెతికిపెట్టాలి.

పది రోజులుగా ఒక జిల్లేడాకు కింద సీతాకోకచిలుక ప్యూపాను కనిపెట్టుకుని ఉన్నాను. పచ్చగా ఉన్నది నిన్న నల్లబడింది, లోపల నారింజ రెక్కలు కనిపిస్తున్నాయి. అంటే ఈ పొద్దున తడి రెక్కలతో బయటికొస్తుంది. పోయినసారి ఇలాగే చూసి చూసి, ఉప్మా చేసి వెళ్లేసరికి ఉత్త డొల్ల మిగిలింది. ఏడుపొచ్చింది. ఆ ఉప్మాలో ఉప్పు తక్కువైందన్నారు కూడా.

ఇవాళ ఐదున్నరకు తలుపు తీస్తే గడప ముందు రెండు ప్యాకెట్లు. ఒళ్లు మండిపోయింది. కొత్తిమీర అయిపోయిందందామా? చెత్త పారేసొస్తానందామా? నలభై రెండేళ్లదాన్ని, ఉద్యోగం చేస్తున్నదాన్ని, నా ఇంటి గడపలో నిలబడి అబద్ధం వెతుక్కుంటున్నాను. ఛీ, అనిపించింది.

చెప్పులేసుకుంటుంటే అత్తమ్మ లేచొచ్చింది. "పాలు వచ్చినయ్ గద. ఇగ ఎటు పోతున్నవ్?"

"పురుగుల ఫొటోలు తీయనీకి అత్తమ్మా."

వెనకే వేణు కళ్లు నులుముకుంటూ వచ్చి, మరి టిఫిన్ సంగతేంటని అడిగాడు. ప్యాకెట్లు రెండూ ఆయన చేతిలో పెట్టాను.

"ముందుగాల పాలు కాగబెట్టు. పొంగకుండ పక్కనే నిలబడి చూడాలె."

"మరి నువ్వెప్పుడొస్తవ్?"

"దాని రెక్కలు ఆరినంక."