వంతెన కింద ఆడపడుచు

టీచరమ్మకు పిట్టలంటే చిన్నప్పటి నుంచీ చిరాకే. అయినా ప్రతి ఆదివారం పొద్దున్నే నది గట్టు మీద, భర్త చొక్కా అంచు చేతికి అందేంత దగ్గరగా నడుస్తుంది. చూసినవాళ్లు ఈ వయసులో ఎంత అన్యోన్యమో అని మురిసిపోతారు. అన్యోన్యం మాట నిజమే గానీ, అసలు సంగతి వేరు.

ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. ఊరి మధ్య పారే ఆ నది వెంట జనాన్ని తిప్పి పిట్టలు చూపించడం ఆయనకున్న ఏకైక వ్యసనం. బస్సుల రొదలో కూడా, పిట్ట కనబడకముందే గొంతు పట్టేస్తాడని పేరు. ఆ పేరు వినే జనం బైనాక్యులర్లు మెడకు తగిలించుకుని వస్తారు. నిరుడు చెవుల డాక్టరు చావు కబురు చల్లగా చెప్పాడు. లావు గొంతులు వినిపిస్తాయట, సన్నవి ఇక వినిపించవట. పిట్టల్లో లావు గొంతువి ఎన్నని?

ఈ సంగతి బయటపడితే ఆయన మళ్లీ గట్టు మొహం చూడడు, ఇంట్లో ఆగిపోయిన గడియారంలా కూర్చుంటాడు. అది టీచరమ్మ చూడలేదు. అందుకే సన్న గొంతు వినబడగానే చొక్కా లాగి చెవిలో గొణుగుతుంది. పిట్టల పేర్లు ఆమె నోటికి రావు, సొంత పేర్లు పెట్టుకుంది. "తుప్పు కత్తెర, ఎడమ పక్క" అంటే ఆయన "అదిగో తేనెపిట్ట!" అంటాడు. ఇక అన్నిటికన్నా సన్నగా, తాను రాకముందే తన కేకను పంపించే రకం ఒకటుంది. దానికామె పెట్టిన పేరు "మీ చెల్లెలు". అది లకుముకి పిట్ట.

ఈ ఆదివారం సాక్షాత్తూ ఆ చెల్లెలే దిగింది. "మా అన్నయ్య గొప్ప అందరూ చెప్పడమే గానీ, నేను చూసిందెప్పుడు?" అంటూ వదిన పక్కనే నడుస్తోంది. గుంపులో ఒక పళ్ల డాక్టరు, లకుముకిని ఫొటో తీస్తే గానీ ఇంటికి వెళ్లనని మొండికేశాడు.

పాత వంతెన దగ్గర వినిపించనే వినిపించింది, సూదిలాంటి కేక. టీచరమ్మ చొక్కా లాగింది గానీ నోరు తెరవలేదు.

"ఏమిటీ?" అన్నాడాయన.

"అదేనండీ... ఆవిడ."

"ఏ ఆవిడ?"

కేక మళ్లీ వచ్చింది. "ఏదో అరిచింది, ఏంటండీ అది?" అన్నాడు పళ్ల డాక్టరు. అందరూ ఆయన వైపు తిరిగారు. ఏం అరిచిందో తెలియక పెదవులు తడుపుకుంటున్న భర్తను చూసేసరికి టీచరమ్మకు మొహమాటం ఎగిరిపోయింది. వెనక బెంచీ దాకా వెళ్లే లెక్కల క్లాసు గొంతుతో, "మీ చెల్లెలండీ! వంతెన కింద!" అని అరిచేసింది.

"అదిగో లకుముకి!" అలవాటు కొద్దీ ఆయన చెయ్యి చాపాడు. నీలంగా మెరిసి పిట్ట వంతెన కడ్డీ మీద వాలింది. పళ్ల డాక్టరు కెమెరా టకటకలాడింది.

"నేనిక్కడుంటే వంతెన కింద ఎవరు వదినా?" అంది ఆడపడుచు. అంతలోనే అన్న మొహం చూసి గొంతు తగ్గించింది. "అన్నయ్యా, నీకు వినబడటం లేదా?"

ఆయన టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "సన్నవి వినబడవు. ఏడాదిగా వింటున్నది మీ వదినే. అందరూ మన్నించాలి. వచ్చేవారం నుంచి వేరే ఎవరినైనా చూసుకోండి."

ఆడపడుచు పక్కవాళ్ల బైనాక్యులర్లు లాక్కుని పిట్టను చాలాసేపు చూసింది. "ఇదా నేను? చూడ్డానికి బాగానే ఉంది. పో వదినా, ఈసారికి వదిలేస్తున్నా."

గుంపంతా నవ్వింది. "ఎవరు వింటే ఏంటండీ, మాకు పిట్ట కనబడిందిగా! వచ్చేవారం కూడా ఇద్దరూ రండి" అన్నాడు పళ్ల డాక్టరు.

ఆయన మాత్రం కడ్డీ మీది పిట్ట ముక్కు తెరిచి మూయడం చూస్తున్నాడు. "ఇప్పుడు అరిచిందా?"

"అరిచిందండీ."

"ఎలా?"

టీచరమ్మ అటూ ఇటూ చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె పిట్ట కూత కూసిన పాపాన పోలేదు, అందులోనూ పదిమందిలో. గొంతు సవరించుకుని, ఆ సూది కేకను తన లావు గొంతులోకి దించి, "కీ... కీ... కీ" అంది. పళ్ల డాక్టరు దగ్గు నటించాడు. పిట్ట హడలిపోయి వంతెన అవతలికి పారిపోయింది.

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"అదే, అచ్చం అదే" అన్నాడు. "ఇంకోసారి కూయవూ?"